కల్లా లిల్లీకి నేను పోయించిన నీళ్లు

అసలు ఉద్యోగం

మొక్కల నర్సరీలో ఉద్యోగానికి చేరబోయే పిల్లలకు ముందే ఒక సంగతి చెప్పాలి. మీ నియామక పత్రంలో రైతులు, మామిడి అంట్లు, నిమ్మ నారు అని గంభీరంగా రాసి ఉంటుంది. చదివి సంతోషించండి. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి భద్రంగా దాచుకోండి. మీ అసలు ఉద్యోగం మాత్రం పెద్దసారు బంగ్లా పెరట్లో ఉంటుంది. దాని గురించి ఏ కాగితమూ ఉండదు.

నేను 2001లో మెదక్ వైపు నుంచి బదిలీ మీద నారాయణఖేడ్ వచ్చాను. 2014లో అక్కడే రిటైరయ్యాను. శాఖ పేరు రాయను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దానికీ నాకూ పడలేదు, ఇప్పుడిప్పుడే కాస్త స్నేహంగా ఉంటున్నాం. నాకు వచ్చిన పదోన్నతి గురించి కూడా రాయను. ఒక్కటే వచ్చింది. అదీ పైవాడు రిటైరైతే కుర్చీ ఖాళీగా కనబడటం బాగుండదని ఇచ్చారు.

పదమూడేళ్లలో ఐదుగురు పెద్దసార్లను చూశాను. ఒకాయనకు గులాబీలు కావాలి, ఒకాయనకు క్యాబేజీ కావాలి, ఒకాయనకు మే నెలలో పచ్చిక కావాలి. మనూర్ నుంచి షేర్ ఆటోలో మామిడి అంట్ల కోసం వచ్చిన రైతులు గేటు దగ్గర నిలబడితే, "సారు ఫీల్డుకు పోయిండు" అని వాచ్‌మన్ చెప్పేవాడు. అబద్ధమేమీ కాదు. ఫీల్డు బంగ్లా వెనకాలే ఉండేది.

వీళ్లలో మూడో పెద్దసారు ఇంట్లో నేను చేసిన ఒక తప్పు గురించే ఈ రాత. మిగతా తప్పులు కూడా ఉన్నాయి కానీ, వాటివల్ల మొక్కలే పోయాయి.

మాణికప్ప

మా నర్సరీలో మాణికప్ప అని ఒక మాలి ఉండేవాడు. రోజుకూలీ. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నవాడు. కంగ్టి పక్కన ఒక పల్లె అతనిది. తాతల కాలం నుంచీ అల్లం పండించే ఇల్లు. బావి ఎండిపోయాక ఖేడ్ వచ్చి మా దగ్గర చేరాడు. వాళ్ల ఊరి వాళ్లంతా హైదరాబాద్ బస్సెక్కితే ఇతను మాత్రం మట్టిని వదిలి ఉండలేనని ఇక్కడ ఆగిపోయాడు. మాట మధ్యలో, కన్నడంలో అవును అన్నట్టు, "హౌదు సారు" అనేవాడు. అది ఒప్పుకున్నట్టో, విన్నట్టో నాకు చాలాకాలం అర్థం కాలేదు. విన్నట్టు మాత్రమే.

అతనికి ఉన్న ఆశ ఒక్కటే, ఏనాటికైనా పర్మనెంట్ కావడం. దానికి ఒకటే షరతు అని ఆఫీసులో అందరూ చెప్పుకునేవారు. సర్వీసు ఎక్కడా తెగకూడదు. అందుకని మాణికప్ప సెలవు అనే మాటే ఎరగడు. జ్వరమొస్తే వచ్చి హాజరు వేయించుకుని, పని చేయగలిగినంత చేసి, షెడ్డులో గోనెసంచి మీద పడుకునేవాడు. చుట్టాల పెళ్లిళ్లకు భార్యను పంపేవాడు. నేను వచ్చేనాటికే ఆరేళ్లుగా అతని హాజరులో ఒక్క ఖాళీ లేదు. ఆ రిజిస్టరు రాసేది నేను. అందుకే అతనికి నేనంటే కొంచెం ఎక్కువ మర్యాద.

గడ్డలు వచ్చాయి

మూడో పెద్దసారు వచ్చిన సంవత్సరం దసరా సెలవుల్లో ఆయన భార్య, మా మేడం, ఒక చల్లని కొండ ఊరికి వెళ్లి, తిరిగొస్తూ ఒక గుడ్డ సంచి తెచ్చారు. అందులో పన్నెండు గడ్డలు. చూడటానికి చామగడ్డల్లా ఉన్నాయి. కల్లా లిల్లీలట. పెరట్లో పెంచాలట. సారు నన్ను పిలిచి, "మీకు శిక్షణ అయింది కదా, చూసుకోండి" అన్నారు.

నాకు శిక్షణ అయిన మాట నిజమే. హైదరాబాద్‌లో మూడు రోజులు. అందులో ఒక పూట అలంకరణ పూల గురించి. నాకు గుర్తున్నది ఒక్క వాక్యం, ఈ పువ్వు సొంత దేశంలో వాగుల ఒడ్డున, తేమ నేలల్లో పెరుగుతుందని. భోజనం తర్వాత పాఠం కావడంతో మిగతా వాక్యాలు నన్ను దాటి వెళ్లిపోయాయి. సగం గుర్తున్న పాఠం ఎంత ప్రమాదమో ముందు ముందు చూస్తారు.

నాటడం మాత్రం బాగానే చేశాం. ఎందుకంటే చేసింది మాణికప్ప. పెరట్లో ఉన్నది అచ్చమైన నల్లరేగడి. నీళ్లు పోస్తే మూడు రోజులు వదలదు. అతను గజం లోతు తవ్వి, సగం మట్టి తీసేసి, వాగు ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపాడు. గడ్డ మీది మొలక కన్ను పైకి ఉండేలా, నాలుగు వేళ్ల లోతున, గడ్డకూ గడ్డకూ జానెడు ఎడంగా పెట్టాడు. చేతులు దురద పెడుతున్నాయని చింతపండు రుద్దుకుంటూ, "గిది చామగడ్డకు మేనత్త బిడ్డ సారు" అన్నాడు. ఒకే కుటుంబం మొక్కలని నేను తర్వాత పుస్తకంలో చూశాను. అతనికి చేతులే చెప్పాయి.

చోటు మాత్రం సారు చెప్పిన చోటే. గేట్లోంచి కనబడాలని పడమటి గోడ ముందు పెట్టించారు. మధ్యాహ్నం ఎండకు పదిహేను రోజుల్లో ఆకులు వాలిపోయాయి. బంగ్లాలో మొక్కలకు కూడా బదిలీలుంటాయి, రెండుసార్లు జరిగాయి. మొదటిసారి మేడం కిటికీ కిందికి. అక్కడ వంటింటి వేడి నీళ్లు పడుతున్నాయని తెలిశాక తూర్పు గోడ పక్కకు. పొద్దున ఎండ, మధ్యాహ్నం నీడ, అదే వాటికి సరైన చోటు. మాణికప్ప మొదటిరోజే ఆ చోటు చూపించాడు. బదిలీ చేసిన ప్రతిసారీ ముందురోజు తడిపి, వేళ్లు కదలకుండా మట్టిగడ్డతో సహా ఎత్తి, పొద్దు వాలాక పెట్టేవాడు. పన్నెండింటిలో ఒక్కటీ పోలేదు.

సంక్రాంతి దాటాక పూలు వచ్చాయి. తెల్లటి ఒకే రేకు గరాటులా చుట్టుకుని, మధ్యలో పసుపు కాడ. మేడం నిజంగా సంతోషపడ్డారు. రోజూ పొద్దున్నే వచ్చి చూసుకునేవారు. మాణికప్ప అయితే, "చామగడ్డకు పెండ్లిబట్టలు తొడిగినట్టున్నది" అన్నాడు. సారు మాత్రం ఫొటోలు తీయించి, మెట్టనేలలో చల్లని ప్రాంతపు పువ్వును తానే ప్రయోగాత్మకంగా పెంచినట్టు పైకి నివేదిక పంపారు. వచ్చే చలికాలం స్వయంగా వచ్చి చూస్తామని పైనుంచి జవాబు వచ్చింది. దాంతో అవి పెరటి పూలు కాకుండా పోయాయి.

నిద్ర

మార్చి చివర్లో ఆకులు పసుపు పడ్డాయి. ఏప్రిల్ మొదటి వారానికి ఒక్కొక్కటే నేలకు వాలాయి. సారు నన్ను పిలిచి, "ఏమయ్యా, నివేదిక పంపాక చస్తున్నాయేమిటి?" అన్నారు. మొక్కలు అడిగి చావాల్సిందని ఆయన ఉద్దేశం.

నేను పెరట్లోకి వెళ్లి మాణికప్పతో, "రోజుకు మూడుసార్లు నీళ్లు పొయ్యి" అన్నాను.

అతను పార పక్కన పెట్టాడు. "సారు, గవి సచ్చిపోతలేవు. పండుకుంటున్నయి. అల్లం గూడ గిట్లనే. ఆకు పసుపు వడ్డదంటే ఇగ నీళ్లు బంద్ జెయ్యాలె. గడ్డలు తీసి నీడకు ఆరవెడితె, వానలు పోయినంక మల్ల పెట్టొచ్చు."

"ఇది అల్లం కాదు మాణికప్పా. వాగు ఒడ్డున పెరిగే పువ్వు."

"హౌదు సారు. గని గా వాగు కాడ గీ ఎండ ఉంటదా?"

జవాబు లేనప్పుడు మా ఉద్యోగంలో ఒక వాక్యం వాడతాం. "చెప్పింది చెయ్యి" అన్నాను.

చేశాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఆ నెలలో నర్సరీకి ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది. రైతులకు ఇవ్వాల్సిన మామిడి అంట్లకు ఒక పూట తడి, బంగ్లాలో పన్నెండు గడ్డలకు మూడు పూటల తడి. నలభై రెండు డిగ్రీల ఎండలో, నల్లరేగడి మధ్య తవ్విన గుంటలో, పండుకున్న గడ్డకు నీళ్లు పోస్తే అది ఉడుకుతుంది. దీనికి శిక్షణ అక్కర్లేదు, వంట చేసిన ఎవరికైనా తెలుస్తుంది. నాకు వంట రాదు.

మే మూడో వారంలో పెరట్లో వాసన మొదలైంది. తవ్వి చూస్తే గడ్డలు చేతికి జారిపోయే జిగురై ఉన్నాయి. లెక్క పెట్టే స్థితిలో ఏదీ లేదు.

బాధ్యుడు

మొక్కలకు మెమో ఇవ్వడం కుదరదు. నివేదిక పంపిన మనిషికి ఎవరూ మెమో ఇవ్వరు. కాబట్టి సారు మమ్మల్నిద్దరినీ వరండాలో నిలబెట్టారు. మేడం లోపల తలుపు దగ్గర ఉన్నారు. ఏడ్చినట్టున్నారు.

"నీళ్లు ఎవరు పోశారు?" అని అడిగారు సారు.

ఎవరు పోయమన్నారు అని అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడినో నేను ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. అడగలేదు కదా అన్నది చాలా ఏళ్లు నాకు మంచి సాకుగా పనికొచ్చింది.

"నేనే పోసిన సారు" అన్నాడు మాణికప్ప.

"రేపటి నుంచి రావద్దు" అన్నారు సారు.

అతను నావైపు చూశాడు. నేను చేతి గడియారం చూసుకున్నాను. నా వయసు అప్పటికి నలభై ఎనిమిది. ఇంకా పదేళ్ల సర్వీసు ఉంది, ఏటా నా పని మీద పైకి రాసే రహస్య నివేదిక ఆయన చేతిలో ఉంది, బదిలీ చేస్తే ఏ మూలకో వేస్తారు అని లోపల ఏదేదో లెక్క నడిచింది. భయపడ్డాను అని ఒక్క మాటలో రాస్తే సరిపోతుంది. మర్నాడు రిజిస్టరు తీసి, తొమ్మిదేళ్లుగా తెగని ఆ వరుసలో, నా చేత్తో ఎర్ర సిరాతో గీత గీశాను. గీత నిటారుగా వచ్చింది. ఆ సంవత్సరం నా రికార్డుల నిర్వహణ బాగుందని ప్రశంస కూడా వచ్చింది.

ఫాతిమా టీచరమ్మ పెరడు

మా వీధి చివర ఫాతిమా టీచరమ్మ ఉండేది. ఉర్దూ మీడియం బడిలో చెప్పి రిటైరైంది. తరువాతి చలికాలం, జనవరిలో అనుకుంటాను, ఆమె నిమ్మచెట్టుకు తెగులు పట్టిందంటే చూడటానికి వెళ్లాను. పెరట్లో, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ బండ దగ్గర, తూర్పు గోడ నీడలో, నాలుగు కల్లా లిల్లీలు పూసి ఉన్నాయి.

నిమ్మచెట్టు మరచిపోయాను. "ఇవెక్కడివి టీచరమ్మా?"

"మీ మాణికప్ప పెట్టిండు. ఎండకాలంల మీరు తీసేసినంక నా దగ్గర పని జేస్తుండు గద" అంది.

అప్పుడే మాణికప్ప బావి దగ్గర్నుంచి బిందెతో వచ్చాడు. నన్ను చూసి బిందె దింపాడు. అడిగితే దాచకుండా చెప్పాడు. అల్లం పండించే ఇళ్లల్లో ఒక పద్ధతి ఉందట. ఎంత నమ్మకమైన చేనైనా విత్తనమంతా ఒకే చోట ఉంచరు. నాలుగు గడ్డలు పక్కకు తీసి, బూడిద పూసి, ఇంట్లో ఒక మూల ఇసుకలో పెడతారు. నేను మూడు పూటలా నీళ్లు పొయ్యమన్న రోజే, పొయ్యకముందే, నాలుగు గడ్డలు అలా తీసి ఇంటికి పట్టుకెళ్లాడు. వానలు తగ్గాక టీచరమ్మ పెరట్లో పెట్టాడు. వజూ నీళ్ల తేమ రోజూ కొంచెం కొంచెంగా అందింది.

"మరి ఆ రోజు సారుకు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎండిన గడ్డ జూపిచ్చి గిది బతికున్నదంటె ఎవరు నమ్ముతరు సారు? పైకెల్లి దొంగతనం గూడ మీదేస్తరు."

టీచరమ్మ చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి, బడిపిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది. "మరి నీళ్లు పొయ్యుమన్నది ఎవరు సాబ్?"

చాయ్ వేడిగా ఉంది. ఊదుకుంటూ చాలాసేపు తాగాను. ఆమె ఎదురుగా నిలబడే ఉంది. చివరికి, "నేనే" అన్నాను.

"జల్దీ పోయి గీ మాట మీ సారుకు జెప్పున్రి" అంది.

సగం నిజం

మర్నాడు సారు దగ్గరికి వెళ్లాను. వెళ్లినందుకు నన్ను మెచ్చుకోకండి, ఆగి వినండి. పైనుంచి చూడటానికి వచ్చేవాళ్ల తేదీ దగ్గరపడి ఆయన పరేషాన్‌లో ఉన్నారు. నేను, "నాలుగు మొక్కలు బతికాయి సార్. మాణికప్ప ముందే జాగ్రత్తగా తీసి పెట్టాడు. మన నర్సరీ పద్ధతే" అన్నాను. నీళ్లు పొయ్యమన్నది నేనే అన్న మాట నోటి దాకా వచ్చింది. సారు అప్పటికే ఆనందంతో లేచి నిలబడ్డారు. సంతోషంగా ఉన్న అధికారిని బాధపెట్టడం నాకు శిక్షణలో నేర్పలేదు.

టీచరమ్మ, మొక్కల కోసం కాదు, మాణికప్ప పని కోసం అని, రెండు మొక్కలు ఇచ్చింది. మాణికప్పే వాటిని పూలతో సహా, మట్టిగడ్డ చెదరకుండా ఎత్తి బంగ్లా తూర్పు గోడకు మార్చాడు. పెద్దలు వచ్చారు, చూశారు, వాసన లేదేమిటన్నారు, భోంచేసి వెళ్లారు. సారుకు మంచిపేరు వచ్చింది. మాణికప్పను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. కొత్తగా చేరినట్టు.

ఆ రెండు మాటలే అసలు సంగతి. నేను గీసిన ఎర్రగీత అలాగే ఉండిపోయింది. ఆ రోజు నేను పూర్తి నిజం చెప్పి ఉంటే, పొరపాటు నాదని కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే, ఆ ఎనిమిది నెలలు సర్వీసులో కలిపే దారి ఉండేది. అలా కలిపిన సందర్భాలు నేనే చూశాను. మహా అయితే నాకు ఒక మెమో వచ్చేది. ఆ మెమోకు భయపడి నేను రాయలేదు.

కొన్నేళ్లకు పర్మనెంట్ చేసేవాళ్ల జాబితా వచ్చింది. మా నర్సరీ నుంచి ఇద్దరి పేర్లున్నాయి. ఇద్దరూ మాణికప్ప తర్వాత చేరినవాళ్లే. వాళ్లకు మొక్క పేరు చెప్పడం రాదు కానీ హాజరులో గీత లేదు. మాణికప్ప పేరు ఎదురుగా, సర్వీసు తెగింది అని ఉంది. ఆ జాబితా నోటీసు బోర్డు మీద అంటించింది కూడా నేనే. అతను వచ్చి చదువుకున్నాడు. రెండోసారి కూడా చదివాడు. తర్వాత పార తీసుకుని నిమ్మ మళ్ల వైపు వెళ్లాడు. ఆ సాయంత్రం దాకా పని చేశాడు. మరుసటి నెల కంగ్టి వెళ్లిపోయాడు.

కొత్తగా చేరేవాళ్లకు ఉపయోగపడే మాట ఒకటి చెబుతాను. పెద్దసార్లు చెడ్డవాళ్లని మీకు అందరూ చెబుతారు. వాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. మూడో పెద్దసారు కూడా ఎవరు పోయమన్నారని అడగని మనిషే తప్ప, చెబితే వినని మనిషి అని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఎందుకంటే చెప్పి చూడలేదు. పైవాళ్ల మీద నెట్టేసి మన వంతు తప్పు హాయిగా మరచిపోయే సౌకర్యం ఈ ఉద్యోగంలో చాలా ఉంది. నేను పూర్తిగా వాడుకున్నాను.

కంగ్టి

రిటైరయ్యాక సన్మానం చేశారు. శాలువా, దండ, నా నిజాయితీ గురించి నాలుగు ఉపన్యాసాలు. వాళ్లు నిజాయితీ అన్న ప్రతిసారీ నాకు కూర్చోవడం ఇబ్బందిగా ఉంది. వారం తర్వాత కంగ్టి బస్సెక్కాను.

మాణికప్ప వేరేవాళ్ల భూమి కౌలుకు తీసుకుని కొంచెం అల్లం, కొంచెం కంది వేసుకుంటున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి మంచం వాల్చాడు. నేను చుట్టూ తిప్పకుండా చెప్పేశాను. తప్పు నాదని, పూర్తిగా చెప్పి ఉంటే అతని పేరు జాబితాలో ఉండేదని, భయపడి చెప్పలేదని. ఎన్నో ఏళ్లుగా కట్టుకున్న వాక్యాలు, అన్నీ ఐదు నిమిషాల్లో అయిపోయాయి.

అతనికి కోపం రావాలని నేను ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"నాకు ఎరుకనే సారు" అన్నాడు. "గా దినం వరండల నేను మీ మొకం దిక్కు జూసిన. మీరు చేతి గడియారం జూసుకుంటుండ్రి. గప్పుడే అర్థమైంది."

"క్షమించు మాణికప్పా."

"గీ మాట గా దినం పెద్దసారు ముంగట చెప్పేదుండె. గిప్పుడు నాకు జెప్తె ఏమొస్తది సారు? మీ దిల్ హల్కా అయితది, బరువు దిగుతది, గంతే."

ఆ తర్వాత లోపలికి తిరిగి, సారు వచ్చిండు, చాయ్ పెట్టమని భార్యకు చెప్పాడు. చాయ్ వచ్చేదాకా ఇద్దరం కంది చేను గురించి మాట్లాడుకున్నాం. అతను బస్టాండు దాకా వచ్చి, సీటు దొరికిందో లేదో చూసి, చేనుకు వెళ్లిపోయాడు.